ఖుంబు కొండలు, భద్రాద్రి అడవులు

బోనకల్లు స్టేషన్లో రైలు దిగినవారికి అడవి కనిపించదు. కాజీపేట – విజయవాడ లైను మీద, ఖమ్మానికి మధిరకు నడుమనున్న ఊరిది. ఎటు చూసినా ప్రత్తి చేలు, మిరప తోటలు, వరి మళ్లు. అయితే ఖమ్మం చేరి కొత్తగూడెం బస్సెక్కితే కొద్ది గంటల్లోనే నేల మారిపోతుంది. కొత్తగూడెం బొగ్గు గనులు, పాల్వంచ విద్యుత్కేంద్రం దాటి, సారపాక కాగితపు మిల్లు ప్రక్కగా గోదావరి వంతెన ఎక్కితే అవతల భద్రాచలం. అక్కడి నుండి దుమ్ముగూడెం మీదుగా చర్లకు పోయే దారి పొడవునా టేకు, ఇప్ప, తునికి చెట్లు. వాటి నడుమ కోయ గూడేలు. చర్ల దాటి ఇంకొంచెం ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్ హద్దు.

ఈ చర్ల పేరు 2014లో హిమాలయాల దాకా వెళ్లింది. ఆ సంవత్సరం మే 25వ తేదీన ఇద్దరు తెలుగు పిల్లలు ఎవరెస్టు శిఖరంపై నిలిచారు. ఒకరు నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. రెండవవాడు చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదువుకున్న పేదింటి బిడ్డలే. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, టిబెట్ వైపు నుండి ఆ మహా పర్వతాన్ని ఎక్కారు. పత్రికలన్నీ వారిని కొనియాడాయి. అది న్యాయమే. అయితే ఆ మంచుదారిలో వారి వెంట నడిచిన షెర్పాలను గురించి ఎంతమంది ఆలోచించారు?

ప్రియ పాఠకులారా, షెర్పా అంటే బరువులు మోసే కూలీ అనే మనలో చాలామంది అనుకుంటాము. నిజానికి అది ఒక పని పేరు కాదు, ఒక జాతి పేరు. వారి భాషలో ‘షర్’ అంటే తూర్పు, ‘పా’ అంటే జనులు. తూర్పు నుండి వచ్చినవారని అర్థం. సుమారు ఐదు వందల ఏళ్ల క్రితం వారి పూర్వికులు తూర్పు టిబెట్ నుండి కనుమలు దాటి వచ్చి, నేపాల్‌లో ఎవరెస్టు పాదాల దగ్గరి ఖుంబు, సోలు ప్రాంతాలలో స్థిరపడ్డారు. బంగాళాదుంప, బార్లీ పండించడం, జడలబర్రెలను మేపడం, నాంగ్పా కనుమ గుండా టిబెట్‌తో వర్తకం చేయడం వారి జీవనాధారాలు. నామ్చే బజారు వారి సంత ఊరు. వారు బౌద్ధులు. 1916లో స్థాపించిన తెంగ్బోచే మఠం వారికి ప్రధానమైనది. చాలామంది బిడ్డలకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఆదివారం పుట్టినవాడు నీమా, సోమవారమైతే దావా, శుక్రవారమైతే పసాంగ్.

ఆశ్చర్యమేమంటే, ఈ జనులు తమంత తాముగా శిఖరాలు ఎక్కేవారు కారు. ఆ కొండలు వారికి పూజ్యమైనవి. ఎవరెస్టును వారు చోమోలుంగ్మా అని పిలుస్తారు. పని వెతుక్కుంటూ డార్జిలింగ్ వెళ్లినవారిని అక్కడి తెల్లదొరలు పర్వతయాత్రలకు కూలికి పిలుచుకున్నారు. ఎత్తయిన చోటున పుట్టి పెరిగిన శరీరాలు గనుక పలుచని గాలిలోనూ వారు బరువులు మోయగలిగారు. 1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీతో కలిసి శిఖరాన్ని చేరేనాటికి ముప్పై ఏళ్లకు పైగా షెర్పాలు ఆ కొండ మీద మోస్తూనే ఉన్నారు, ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు. మన పిల్లలు శిఖరం చేరడానికి నెల రోజుల ముందే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి పదహారుమంది పనివారు మరణించారు. వారిలో ఎక్కువమంది షెర్పాలే. ఎక్కినవారి పేర్లు లోకానికి తెలుస్తాయి. మోసినవారి పేర్లు వారి ఇండ్లలో మిగిలిపోతాయి.

ఇంత దూరపు సంగతి మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ కొండలకూ మన గోదావరి కొండలకూ ఒక మనిషి ద్వారా సంబంధమున్నది. ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండి, చెంచులు, గోండులు, పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల మధ్య తిరిగి వారి జీవితాన్ని వ్రాశాడు. కొండరెడ్లను గూర్చిన ఆయన గ్రంథం 1945లో వెలువడింది. ఆ పండితుడే తరువాత ఖుంబు వెళ్లి షెర్పాల మధ్య నివసించి, 1964లో వారిని గూర్చి మరొక గ్రంథం ప్రచురించాడు. బయటివారికి ఒకరు మోతగాళ్లుగాను, మరొకరు పోడుగాళ్లుగాను కనిపించారు. ఆయన మాత్రం ఇద్దరి గుమ్మాల్లోనూ కూర్చుని, వారి పెండ్లి మాటలు, పంటల లెక్కలు, చావు దుఃఖాలు విన్నాడు.

మన కోయలను కూడా అలాగే తెలుసుకోవాలి. వారు తమను కోయితోర్ అని చెప్పుకుంటారు. వారి భాష గోండికి దగ్గరి చుట్టం. వారికి పండుగ అంటే ‘పండుం’. విత్తనం చల్లక ముందు ఒకటి, కొత్త పంట నోట పెట్టక ముందు ఒకటి. మగవారు అడవిదున్న కొమ్ములు తలకు ధరించి పెద్ద డోళ్లతో ఆడతారు. ఆడవారు చేతులు కలిపి వరుసగా అడుగులు వేస్తారు. వేసవి మొదట్లో తెల్లవారక ముందే లేచి, రాత్రి రాలిన ఇప్పపూలు ఏరుకుంటారు. తరువాత తునికాకు కోస్తారు. మనవారు కాల్చే బీడీలకు చుట్టేది ఆ ఆకునే. చింతపండు, తేనె, వెదురు కూడా అక్కడివే. బయటి లోకానికి కోయవాడు కావలసింది ఆకు కట్ట కోసం, వెదురు మోపు కోసం. షెర్పా కావలసింది మూట కోసం. వారి నేల మాత్రం వారికి నిలవడం కష్టమవుతున్నది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో భద్రాచలం చుట్టుప్రక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ జలాశయపు ముంపులో కోయ, కొండరెడ్ల పల్లెలు ఎన్నో ఉన్నాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు లోతట్టు గూడేలవారు ఇల్లు విడిచి పరుగెత్తారు.

ఈ విషయంలో మన సంఘ చరిత్రలో ఒక మంచి మాదిరి ఉన్నది. 1860 ప్రాంతంలో గోదావరిపై పడవల రాకపోకలకు ఆనకట్ట పనులు చేయించడానికి దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు హేగ్ దొర, ఆ పనులతో తృప్తిపడక కోయల ఆత్మల కొరకు భారపడ్డాడు. ఆయన క్రింద పనిచేసి ప్రభువును ఎరిగిన వెంకటరామరాజు గారు ఆ అడవిలో సువార్తకు మొదటి పనివాడయ్యాడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ గారు ఏళ్ల తరబడి అక్కడే కాపురముండి, కోయల మాటలను, ఆచారాలను 1870ల నుండే ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్రాశారు. బోధించేవాడు ముందుగా విద్యార్థి కావాలి. ఎదుటివాని భాష నేర్చుకోవడమే అతనికి మనమిచ్చే మొదటి గౌరవం.

ఇప్పుడు మరల బోనకల్లు వైపు చూద్దాము. సంక్రాంతి దాటాక ఖమ్మం జిల్లా మిరప తోటలలో కాయ కోతకు ఏజెన్సీ నుండి, ఛత్తీస్‌గఢ్ నుండి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. చేను గట్టున గుడిసె, మూడు రాళ్ల పొయ్యి, చీర ఊయలలో పసిబిడ్డ. మన నోట వారి పేరు ‘కూలోళ్లు’. సాయంత్రం కాయ తూకం చూస్తాము, డబ్బు లెక్క చూస్తాము. ఆ మనిషి పేరు అడగము. నెల రోజులు మన నీళ్లు త్రాగినవారి ఊరు మనకు తెలియదు.

రూతు గ్రంథము రెండవ అధ్యాయాన్ని జ్ఞాపకం చేసుకోండి. బోయజు పొలములోనికి వచ్చి, ముందుగా కోత కోసేవారిని ప్రభువు పేరట పలకరించాడు. తరువాత పరిగె ఏరుతున్న పరదేశి స్త్రీని చూచి, ఆమె ఎవరి సంబంధి అని విచారించాడు. ఆ ఒక్క విచారణ నుండే మిగిలిన మేలంతా వచ్చింది: త్రాగడానికి నీళ్లు, భోజనంలో చోటు, ఎవరూ ముట్టకూడదన్న ఆజ్ఞ. దావీదుకు తాత అయిన ఓబేదును ఆమెకు మనుమడని తలంచకండి. ఓబేదు ఆమె కుమారుడే. ఆ పరదేశి ఒడిలో నుండే రాజవంశము వచ్చింది.

ఈ కోతల కాలంలో మన సంఘాలవారు, ముఖ్యంగా మన తల్లులు, యౌవనస్థులు, ప్రక్క చేనులో దిగిన కుటుంబము పేరు, ఊరు అడిగి తెలుసుకుందురు గాక. కోయ భాషలో నాలుగు మాటలు నేర్చుకుందురు గాక. వారి పిల్లలకు ఆదివారపు బడి తలుపు, జ్వరము వచ్చిన వారికి ఆసుపత్రి దారి చూపుదురు గాక. కూలి తూకములో మోసముంటే మన ఇంటివారినైనా సరే అడ్డుకొందురు గాక. మన బరువు మోసినవారి పేరు కూడా తెలియకుండా, వారిని ప్రేమించామని ప్రభువుతో ఎలా చెప్పగలము?