ఎవలు, ఎవల్ని

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల తండాల నుంచి, గూడేల నుంచి చదువుకొని వచ్చినోళ్లం మేము. పోటీ పరీక్షల ఇంగ్లిష్ పేపర్లో మా పిల్లల్ని ఆపేసే చిన్న ప్రశ్న ఒకటుంది: ఖాళీలో 'హూ' రాయాలా, 'హూమ్' రాయాలా? గైడ్లు 'సబ్జెక్టివ్ కేస్, ఆబ్జెక్టివ్ కేస్' అని చెప్పి ఊరుకుంటాయి. ఆ మాటలు వినగానే 'ఇది మనకు రాదులే' అని పిల్లలు వెనక్కి తగ్గుతారు.

ఈ తేడా మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. 2017లో సిరిసిల్ల మరమగ్గాల మీద బతుకమ్మ చీరలు నేసిండ్రు. ఎవలు నేసిండ్రు? ఎవలికి పంచిండ్రు? మొదటిది 'హూ', రెండోది 'టు హూమ్'. బడి మొఖం చూడని అవ్వ కూడా 'ఎవలు కొట్టిండ్రు', 'ఎవల్ని కొట్టిండ్రు' అనే మాటలను కలిపెయ్యదు. కలిపితే పంచాయితీల తీర్పే తారుమారైతది. గోర్ బోలీ, గోండి, కోయ మాట్లాడే ఇండ్లల్లోనూ ఈ రెండు ప్రశ్నలు వేరువేరే.

పరీక్షలో చేయాల్సింది ఇంతే: జవాబు పెట్టి చూడాలి. 'హి', 'దే' కుదిరితే 'హూ'. 'హిమ్', 'దెమ్' కుదిరితే 'హూమ్'. చివరన 'మ్' ఉన్నవన్నీ ఒక ఇంటివి. 'టు', 'విత్', 'ఫర్' వెంటనే వస్తే 'హూమ్' రాయాలి. కోరుట్ల నుంచి గల్ఫ్ పోయేటోళ్ల చేతిలోని సర్వీసు సర్టిఫికెట్ల మీద తరచుగా కనిపించే 'టు హూమ్ ఇట్ మే కన్సర్న్' అదే. ఈ సంగతి ఎవలికి సంబంధించితే వాళ్లకు అని దానర్థం.

ఒక్క చోట జాగ్రత్త. 'ది మ్యాన్ ___ వి థాట్ వజ్ ద టీచర్' అని ఇస్తారు. 'వి థాట్' చూసి చాలామంది 'హూమ్' పెడతారు. ఆ రెండు మాటలను వేలితో మూసి చదవండి. మిగిలేది '___ వజ్ ద టీచర్'. అక్కడ 'హి' కుదురుతుంది, కాబట్టి 'హూ'.

అమెరికా ఆదివాసీల భాషలను జీవితమంతా చదివిన ఎడ్వర్డ్ సపీర్, 1921లోనే 'హూమ్' మెల్లగా కనుమరుగవుతుందని రాశాడు. ఇయ్యాల మామూలు మాటల్లో ఇంగ్లిష్‌వాళ్లు కూడా 'హూ డిడ్ యు మీట్?' అంటారు. వాళ్లు వదిలేస్తున్న తేడాను మనం రోజూ తప్పకుండా పలుకుతున్నాం. అయినా ఇంగ్లిష్ రాదని సిగ్గుపడేది మన పిల్లలే.

మనకు ఈ తేడా మార్కుల కోసమే కాదు. మన గురించి వేరేవాళ్లు రాసిన కాగితాల్లో ఎవల్ని లెక్కపెట్టిండ్రు, ఎవలికి పట్టా ఇచ్చిండ్రు అనే ఉంటది. పని చేసినోళ్లుగా మన పేరు వచ్చింది తక్కువ. దాన్ని గుర్తుపట్టడానికి కూడా ఈ వ్యాకరణం కావాలి.

అందుకే టీచర్లకు మా మాట: 'హూ', 'హూమ్' చెప్పే రోజు ముందుగా బోర్డు మీద పిల్లల ఇంటి భాషలో రెండు ప్రశ్నలు రాయించండి. ఇంగ్లిష్ ఆ తర్వాత రాయండి.