స్టోర్-2

మా అమ్మ ఓ పెద్దాసుపత్రి పళ్ళ వార్డులో ఇరవై రెండేళ్ళు ఉమ్మి ఎత్తింది. ఈ మాట రాయడానికి నాకేం సిగ్గులేదు. కుర్చీ పక్క పింగాణీ గిన్నెలో రోగులు పుక్కిలించి ఊస్తే, అది గొట్టం గుండా కింద బక్కెట్లో పడేది. నెత్తురు, చీము, పంటి ముక్కలు, పళ్ళల్లో నింపే వెండి పొడి, అన్నీ అందులోనే. ఆ వెండి సిమెంటులో సగం పాదరసమేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చేతులకి తొడుగుల్లేవు. వరండాలో మంచినీళ్ళ కుండ ఉండేది గానీ ఆమె ముంచుకోకూడదు. వార్డుబాయి పైనుంచి పోస్తే దోసిలి పట్టేది. ఇది మా ఊరి బావి దగ్గర సంగతి కాదు, తెల్లకోట్ల మధ్య సంగతి.

2019లో ఆ వార్డుని కొత్తగా మార్చే ప్లాను నా బల్ల మీదికొచ్చింది. నేను డ్రాఫ్ట్స్‌మన్ని. కోటాలో వచ్చాడని వెనకాల గొణిగేవాళ్ళే కొలత తేలనప్పుడు నా దగ్గరికొస్తారు.

పళ్ళ క్లినిక్కంటే కుర్చీలు వరసగా వేయడమే అనుకుంటారు. అసలు పని నేల కింద ఉంటుంది. ప్రతి కుర్చీకీ నీళ్ళు, గాలి, కరెంటు, మురుగు, ఉమ్మి పీల్చే గొట్టం అన్నీ గచ్చు పొయ్యకముందే కుదరాలి. కంప్రెసర్ మోత రోగిని హడలగొట్టకుండా గోడ అవతల ఉండాలి. నెత్తురంటిన సామాను ఒకవైపు నుంచి వచ్చి, కడిగించుకుని, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి, 15 పౌన్ల ఒత్తిడికి ఉడికి, ఇంకోవైపు నుంచి పోవాలి. రెండూ ఎదురుపడకూడదు. ఈ అంటు లెక్క మాకొకరు నేర్పాలా! కాకపోతే ఈ అంటు 121 డిగ్రీల్లో పోతుంది.

బక్కెట్లు లేకుండా గొట్టాలన్నీ నేలలోంచి తీశాను. పాదరసం మురుక్కాలవలో కలవకుండా పట్టేసే పెట్టె పెట్టాను. పాదరసం తగ్గించే మినమాటా ఒప్పందంలో మన దేశం 2018లోనే చేరింది. కడిగే గది పక్కన తొమ్మిదడుగులకి ఏడడుగుల గది గీసి ‘ఆయమ్మల గది’ అని రాశాను. బల్ల, కిటికీ, మంచినీళ్ళ కొళాయి.

మీటింగులో పెద్ద డాక్టరు వేలు సరిగ్గా దాని మీదే పడింది.

“ఇదేంటయ్యా?”

“ఆయమ్మలు అన్నం తినే గది సార్.”

“వరండా ఉందిగా. అది తీసేసి నాకు బాత్రూమ్ ఇవ్వు.”

మా ఇంజినీరు బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను ఆగలేదు. ఆసుపత్రి చెత్త ముట్టుకునేవాళ్ళకి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నిబంధనల్లో ఉంది, చదివి వినిపించాను. “గది అని ఉందా అందులో?” అన్నాడు. లేదు. “ఆ చేతులు కడుక్కుని తినే చోటు లేకపోతే మీ ఆటోక్లేవ్ దండగ సార్” అన్నాను. నాలుగు మీటింగులు నడిచింది. మహద్ చెరువు నీళ్ళు 1927 నాటి మాట, మా కొళాయి గొడవ 2019 నాటిది.

చివరికి గది ఏడుకి అయిదయింది. కిటికీ పోయి వెంటిలేటరు మిగిలింది. కొళాయిని మాత్రం వదల్లేదు. పేరు కొట్టేసి, ఎర్ర సిరాతో ‘స్టోర్-2’ అని రాశారు.

మొన్న చూడబోయాను. అన్ని తలుపులకీ బోర్డులున్నాయి, దానికి లేదు. లోపల రెండు అన్నం క్యారేజీలు, మేకుకి ఒక చీర. నా చేతిలో టేపూ కాగితాలూ చూసి ఒకావిడ లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఏం బాబూ, సామాను పెట్టడానికి కొలుస్తన్నావా? ఇక్కడ పెట్టనియ్యం. ఇది మా గది.”