జనవరి నెలాఖరుకు లేవీయకాండం

డిసెంబరు 31 రాత్రి హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. ట్యాంక్‌బండ్ మీదికి, నెక్లెస్ రోడ్డు మీదికి బండ్లను పోనివ్వరు. తాగి నడిపేవాళ్ళను పట్టుకోవడానికి చౌరస్తాల్లో పోలీసులు గొట్టాలు పట్టుకుని నిలబడతారు. ఆ తనిఖీలో తెల్లచీరలు, ఇస్త్రీ చొక్కాలు, చంకలో బైబిళ్ళు, ముందు సీటు మీద నిద్రకు తూగే పిల్లలు కూడా ఎదురవుతారు. అర్ధరాత్రి దాటాక ఐ.ఎస్. సదన్ చౌరస్తా మీదుగా సైదాబాద్ గల్లీల్లోకి తిరిగొచ్చే స్కూటర్లలో కొన్ని, కొత్త ఏడాదికి చర్చిలో మేలుకుని చేసే వాచ్ నైట్ ఆరాధన నుంచి వచ్చేవే. ఊదమంటే ఊదేసి, పోలీసాయనకు కూడా హ్యాపీ న్యూ ఇయర్ చెప్పి పోతారు.

సైదాబాద్‌లో పుట్టి పెరిగిన ఈ కాలమ్ రచయిత ఇప్పుడు లండన్‌లో ఉంటాడు. సైదాబాద్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి లండన్‌లో సాయంత్రం ఆరున్నర. థేమ్స్ ఒడ్డున బాణసంచా చూడటానికి జనం మఫ్లర్లు చుట్టుకుని బయల్దేరే వేళకే సైదాబాద్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చేస్తుంది. అరచేతిలో ఒక చిన్న కార్డు, కార్డు మీద ఒక వచనం. వెనకాలే ఫోన్. "నీ పేరు మీద చీటీ నేనే తీసిన బిడ్డా, చూస్కో. మంచి వాగ్దానం వచ్చింది."

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఈ చీటీ సంగతి చెప్పనక్కర్లేదు. పళ్ళెంలో బోర్లించిన కార్డులు, వరుసలో వెళ్ళి కళ్ళు మూసుకుని ఒకటి తీయడం, తీసినదాన్ని పక్కవాళ్ళదానితో పోల్చుకోవడం, బైబిల్లో దాచుకోవడం. కొందరు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు. సంఘాలు క్యాలెండర్ మీద అచ్చు వేస్తాయి. పెద్ద పరిచర్యలైతే ఏడాదికి ఒక పేరే పెట్టి హోర్డింగులు కట్టిస్తాయి. ఒకటి మాత్రం గమనించాలి. యోబు విలాపం, ప్రసంగి నిట్టూర్పు, ధనవంతుల మీద ఆమోసు కోపం ఆ పళ్ళెంలో ఎన్నడూ ఉండవు. ఎవరి చెయ్యి ఎటు పోయినా దీవెనే తగులుతుంది. చీటీ తీయడంలో తప్పు ఉందని కాదు. కానీ ఎవరికీ కష్టమైన మాట రాకుండా ముందే ఏరి పెట్టిన పళ్ళెంలోంచి తీసిన మాట ఫిబ్రవరి దాకా మనిషిని నడిపిస్తుందా అన్నది ఈ రచయితకున్న సందేహం.

నిజానికి చీటీ మనం కనిపెట్టిందేమీ కాదు. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే పల్లెలో మొరేవియన్ శరణార్థులకు ఆశ్రయమిచ్చిన కౌంట్ జింజెండార్ఫ్ 1728 మే 3 సాయంత్రం మరునాటి కోసం ఒక మాట ఇచ్చాడు. అప్పటి నుంచి రోజుకొక మాట. 1731 నుంచి అది పుస్తకంగా వస్తోంది. పాత నిబంధన వచనాలను ఇప్పటికీ ఆ ఊళ్ళో చీట్లు వేసే ఎంపిక చేస్తారు. మొదట్లో ఆ మాట కాగితం మీద అచ్చై చేతికి రాలేదు. పొద్దున్నే ఒక సహోదరుడు గడప గడపకూ మోసుకెళ్ళేవాడు. చెప్పి వెళ్ళిపోవడం కాదు, ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరు దిగులుగా ఉన్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు అన్నవన్నీ కనుక్కునేవాడు. అలా వచనంతో పాటు ఒక మనిషి గడప తొక్కేవాడు. కార్డు మన దాకా చేరింది, ఆ మనిషి మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయాడు.

వాచ్ నైట్ మూలాల్లో కూడా మొరేవియన్లు ఉన్నారు. దాన్ని జనంలోకి తెచ్చింది మాత్రం జాన్ వెస్లీ. బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ళు వారమంతా మసిలో మునిగి శనివారం రాత్రుళ్ళు కల్లు దుకాణాల్లో తెల్లవార్లూ గడిపేవారు. మెథడిస్టులయ్యాక ఆ రాత్రుళ్ళను ప్రార్థనలో గడపడం మొదలెట్టారు. అలా చేయొద్దని వెస్లీకి సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆయన వినలేదు. లండన్‌లో 1742 ఏప్రిల్‌లో తొలిసారి జరిపాడు. అప్పట్లో అది డిసెంబరు 31 వ్యవహారమేం కాదు. నెలకోసారి, పున్నమికి దగ్గరి శుక్రవారం పెట్టేవారు. ఎందుకంటే తిరిగి ఇళ్ళకు నడిచివెళ్ళడానికి వెన్నెల ఉండాలి. హైదరాబాద్‌లో ఇప్పుడు చర్చి సెక్రటరీ పార్కింగ్ గురించి పడే తంటాల్లాంటిదే ఇదీ.

వెస్లీ శిష్యుల వారసులే 1870ల చివర్లో సికింద్రాబాద్‌కు వచ్చి నిజాం రాజ్యంలో పని మొదలుపెట్టారు. వాళ్ళలోంచి వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువులో జనానికి పని, తిండి దొరికేలా కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయ్యింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఆ సంఘాలన్నీ అందులో కలిశాయి. సైదాబాద్ పక్కనే ఉన్న మలక్‌పేటది ఇంకో కథ. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు అక్కడ మకాం పెట్టి, ఆ తర్వాత పాలమూరు పల్లెలకు వెళ్ళారు. ఇప్పుడు ఈ ప్రాంతంలో వీళ్ళూ ఉన్నారు, బాప్తిస్టులూ ఉన్నారు, బక్త్ సింగ్ సహవాసాలవాళ్ళూ ఉన్నారు, రేకుల షెడ్డు కింద కీబోర్డు, డ్రమ్ములు పెట్టుకున్న పెంతెకొస్తులూ ఉన్నారు. మిగతా రోజుల్లో సిద్ధాంతాల మీద ఎంత కొట్లాడుకున్నా డిసెంబరు 31 రాత్రి అందరూ మేలుకునే ఉంటారు.

లండన్‌లో అలా కాదు. సిటీ రోడ్డులో వెస్లీ 1778లో తెరిచిన చాపెల్ ఇప్పటికీ ఉంది. అయితే డిసెంబరు 31 రాత్రి ఈ నగరంలో తెల్లవార్లూ పాటలు వినిపించేది ఎక్కువగా నైజీరియా, ఘానా, కరీబియన్ సంఘాల్లో. ఆ తర్వాత మలయాళీలు, తమిళులు, మనవాళ్ళు. ఆ హాలు కూడా చాలాసార్లు ఏ స్కూలుదో, ఏ కమ్యూనిటీ సెంటర్‌దో అద్దెకు తీసుకున్నదై ఉంటుంది. ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి పోయిన ఆచారాన్ని తిరిగి ఇంగ్లండ్‌కు మోసుకొచ్చింది వీసాలమీద వచ్చినవాళ్ళు.

ఇంగ్లిష్ మెథడిస్టులు విడవకుండా పట్టుకున్నది వేరొకటి ఉంది. నిబంధన ఆరాధన. 1755 ఆగస్టు 11న లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఫ్రెంచ్ చర్చిలో వెస్లీ దాన్ని మొదటిసారి జరిపితే 1,800 మంది లేచి నిలబడి ఒప్పుకున్నారు. తర్వాత్తర్వాత అది కొత్త ఏడాది తొలి ఆదివారానికి స్థిరపడింది. దక్షిణ ఇండియా సంఘం ఆరాధన క్రమంలోకీ వచ్చింది. అందులో దేవుడు నాకేమిస్తాడన్న ప్రశ్న ఉండదు. నన్ను పనిలో పెట్టినా పక్కన పెట్టినా, హెచ్చించినా తగ్గించినా నీ ఇష్టం అని ఒప్పుకోవడమే ఉంటుంది. ఆ ప్రార్థన మొదటిసారి చదివినవాళ్ళకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. సైదాబాద్ చుట్టుపక్కల సీఎస్‌ఐ సంఘాల్లో పెరిగినవాళ్ళు దీన్ని ఏటా చదివినవాళ్ళే. కానీ ఇల్లు వదిలి ఏడు సముద్రాలు దాటాక గుర్తుండిపోయింది చీటీయే. తీసుకునేది తేలిగ్గా గుర్తుంటుంది, మాటిచ్చింది ఎవరికి గుర్తుంటుంది?

గుర్తుంచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒంగోలు కొండ కథ తెలుగు బాప్తిస్టులందరికీ కంఠతా వచ్చు. మిగతావాళ్ళూ తెలుసుకోదగ్గదే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో బాప్తిస్టు మిషన్ సభ జరిగింది. నెల్లూరులో ఏళ్ళ తరబడి డబ్బు పోస్తే చేతికొచ్చింది గుప్పెడు మంది, ఆ స్టేషన్ మూసేద్దామా అని చర్చ. మూయలేదు, అంతే. ఆ తర్వాత 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఐదుగురు ఒక కొండెక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు: నెర్సు, జూలియా, రూతు. యెషయా గ్రంథం 52వ అధ్యాయం చదువుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఆ ఊరికి ఒక మనిషిని పంపమన్నది వాళ్ళ మనవి. జూవెట్ కిందికి చూసి మిషన్ బంగళాకు ఆ స్థలం బాగుంటుందని చూపించాడు.

ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. అప్పటికే అదే ఏడాది తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ జూవెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. మిషన్ జీతగాళ్ళెవరూ వెళ్ళకముందే తన ఊరి చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో తిరిగి చెప్పినవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో ఏర్పడింది. మళ్ళీ జనవరి ఒకటే!

తర్వాతి సంగతి పుస్తకాలకెక్కింది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువంతా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. తిండి కోసమే కలిశారన్న విమర్శ అయినా వచ్చింది, నేటికీ వస్తుంది. ఆకలి, అవమానం, ఆత్మగౌరవం, విశ్వాసం ఇవన్నీ ఒకే మనిషిలో ఉంటాయని ఒప్పుకుంటే ఆ వాదన ఎటూ తెగదు. ఈ రచయితకు ఆ అంకె కన్నా ఆ పన్నెండేళ్ళే ఎక్కువ ఆసక్తి. నూతన సంవత్సరం నాడు కొండెక్కడం పెద్ద విషయం కాదు, కొండ దిగాక ఆ ఊరి పేరు మర్చిపోకుండా ఉండాలి. వాళ్ళు అడిగింది తమకోసం కాదు కాబట్టే అది గుర్తుండి ఉంటుందేమో.

అమెరికాలోని నల్లవారి సంఘాలకూ ఇలాంటి రాత్రి ఒకటుంది. 1862 డిసెంబరు 31న వాళ్ళు మేలుకుని ఎదురుచూసింది మర్నాటి నుంచి అమలుకు రానున్న లింకన్ విమోచన ప్రకటన కోసం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వాచ్ నైట్‌కు వెళ్ళే తెలుగువాళ్ళు పక్క వీధిలోని నల్లవారి చర్చిలో అదే రాత్రికి ఉన్న ఆ అర్థాన్ని ఒకసారి అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

ఇక బైబిలు పఠన ప్రణాళికల గురించి. జనవరి 1న మొదలెట్టనివాళ్ళు తక్కువ. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఆదికాండం 50 అధ్యాయాలు కథల్లా పరుగెత్తుతాయి. నిర్గమకాండం 40, అందులో మూడో వంతు గుడారం కొలతలు. లెక్క ప్రకారం సరిగ్గా జనవరి నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది, దహనబలులు, కుష్ఠు పరీక్షలు. చాలామంది ఏడాది అక్కడే ఆగుతుంది. పండక్కి ఊరెళ్ళినవాళ్ళదైతే సంక్రాంతికే.

ఈ ప్రణాళికల్లో పేరున్నది స్కాట్లండ్‌లోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ తన సంఘం కోసం 1842 చివర్లో తయారుచేసింది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు. విచిత్రమేంటంటే ఆ పట్టికతో పాటే దాని ప్రమాదాలనూ ఆయనే రాసిచ్చాడు. చదవడం మొక్కుబడి అవుతుంది, చదివామన్న గర్వం వస్తుంది, కొందరికి మోయలేని బరువవుతుంది అని. ప్రమాదాలతో పాటు లాభాలూ చెప్పాడు. వాటిలో ఒకటి, ఊళ్ళో అందరూ ఆ రోజు ఒకే అధ్యాయం చదివి ఉంటారు గనుక ఇద్దరు కలిసినప్పుడు మాట్లాడుకోవడానికి అదే ఉంటుంది. 1843 మార్చి 25న, ఇంకా 30 నిండకుండానే, ఆయన జ్వరంతో చనిపోయాడు. తన పట్టికలో మూడు నెలలైనా పూర్తిచేయలేదు. డండీ సంఘం చదువు మాత్రం సాగింది.

ఇప్పుడు యాప్‌లు అదే పట్టికను పొద్దున్నే ఫోన్‌కు పంపుతాయి, వరుసగా ఎన్ని రోజులు చదివామో లెక్క కూడా చూపిస్తాయి. ఒక్కరోజు తప్పితే లెక్క సున్నాకు వస్తుంది. మెక్‌షేన్ భయపడిన రెండు ప్రమాదాలు, గర్వమూ బరువూ, ఒకే బొమ్మలో!

సైదాబాద్ నుంచి వచ్చిన ఫోన్ సంగతి చెప్తే, చీటీ గురించి మాట్లాడిన తర్వాత అమ్మ ఆపలేదు. "గది సరేగని, మీ సంఘంల ఈ ఏడు నీకేం పని జెప్పిండ్రు?" అని అడిగింది. వాళ్ళ స్త్రీల సమాజంలో జనవరి మొదటి వారానికల్లా ఎవరు ఏ గల్లీలో గృహ కూటం పెట్టాలి, ఎవరు ఏ ముసలమ్మను చూసి రావాలి అని పేర్లు రాసేస్తారట. పని చెప్పకపోతే మనిషి చర్చికి చుట్టపు చూపుగా పోతాడని ఆమె నమ్మకం. హెర్న్‌హూట్‌లో గడప తొక్కిన సహోదరుడి గురించి ఆమె వినలేదు, వినాల్సిన అవసరమూ రాలేదు.

లండన్‌లో జనవరి అంటే తెలుగు సంఘాలకు ఇంకో పని కూడా ఉంది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో సెప్టెంబరుతో పాటు జనవరిలోనూ కొత్త బ్యాచ్ చేరుతుంది. హైదరాబాద్, గుంటూరు, వరంగల్ పిల్లలు చలి నడిమధ్య పచ్చళ్ళ సూట్‌కేసులతో దిగుతారు. గది దొరకదు, పార్ట్‌టైం పని దొరకదు, నాలుగింటికే చీకటి పడుతుంది. ఈ ఏడాది నిబంధన ఆదివారం నాడు ఈ రచయిత వెళ్ళే తెలుగు కూటంలో చీట్ల పళ్ళెం పెట్టారు, ఇంకో పళ్ళెం కూడా పెట్టారు. రెండోదాంట్లో ఉన్నవి పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు. ఒక్కో కుటుంబం రెండేసి తీయాలి, వారానికోసారి ఫోన్ చేయాలి, నెలకోసారైనా భోజనానికి పిలవాలి. ఆ పిల్లల్లో క్రైస్తవులూ ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు. కానివాళ్ళను పిలిచినప్పుడు ప్రార్థన చేయాలా వద్దా అని పెద్దల్లో ఒకాయన లేవదీశాడు, అన్నం పెట్టే ముందు మనం ఎప్పుడూ చేసేదేగా అని ఇంకొకరు. ఒక పెద్దాయనైతే ఇది ఆరాధనలో భాగమే కాదు, సంఘ కమిటీలో మాట్లాడుకోవాల్సిందని గట్టిగానే అన్నాడు. ఆయనా రెండు పేర్లు తీసుకున్నాడు. ఒక అబ్బాయిది చంపాపేటట, హీత్రోలో దిగేది గురువారం, ఎవరు తీసుకురావాలన్నది ఇంకా తేలలేదు.