సనదు చూసిన తరువాతే

విద్యానగర్ నుండి నారాయణగూడ వైపు వచ్చే విద్యార్థిని దారిలో ఆపి "సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎక్కడ?" అని అడిగితే ఒక్క క్షణం తడబడతాడు. "చిక్కడపల్లి లైబ్రరీ" అంటే వెంటనే దారి చెబుతాడు. అశోక్ నగర్ గదులలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనే వారికైతే అది ఉత్త "లైబ్రరీ" మాత్రమే. భవనం ఒకటే, పేర్లు మూడు. మనుషులకు ఇందులో చిక్కు లేదు. యంత్రాలకు మాత్రం ఇదే పెద్ద చిక్కు కాగలదని ఈ విద్యాసంవత్సరం మా కంప్యూటర్ ప్రయోగశాలలో తెలిసివచ్చింది. ఆ సంగతిని పాఠక మిత్రులకు, కమిటీ పెద్దలకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ప్రయోగశాలలో 40 కంప్యూటర్లున్నాయి. ఏ విద్యార్థి ఏ యంత్రం ముందు కూర్చున్నా తన పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలును. అందరి వివరాలూ పై అంతస్తులోని ఒకే సర్వరులో ఉండడమే దీనికి కారణం. దానిని డైరెక్టరీ సర్వరు అంటారు. గ్రంథాలయంలో పూర్వం ఉండిన కార్డుల సొరుగులను తలచుకొంటే దాని స్వరూపం తెలుస్తుంది: శాఖలు, ఉపశాఖలు, చివరకు ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డు. ఆ సర్వరుతో యంత్రాలు మాట్లాడే భాషను ఎల్‌డాప్ అంటారు. 1993లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హోవెస్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. ఈ భాషలో ఒక లోపం ఉన్నది. రహస్యలిపి తోడు లేకపోతే సాధారణ పద్ధతిలో పంపిన పాస్‌వర్డ్ తీగ మీద నగ్నంగా పోతుంది. ప్రయోగార్థం ఒక ఉత్తుత్తి ఖాతాను సృష్టించి, వైర్‌షార్క్ అనే సాధనంతో మేము చూశాము. మేము కొట్టిన ప్రతి అక్షరమూ తెరమీద చదువుకొనేటట్లుగా కనిపించింది. అందువలననే 389వ ద్వారం గుండా సాదాగా మాట్లాడడం మాని, 636వ ద్వారం గుండా మొదటినుండీ రహస్యలిపిలో మాట్లాడడం మా కళాశాలలో ఆచారమయింది.

వేసవి సెలవుల తరువాత మొదటి సోమవారం ఒక్కరూ లోనికి ప్రవేశించలేకపోయారు. పరీక్షించి చూస్తే "ఎల్‌డాప్ సర్వరును సంప్రదించలేకపోతున్నాము" అని, పక్కన మైనస్ ఒకటి అని వచ్చింది. ఇంత అపార్థం కలిగించే వాక్యం మరొకటి ఉండదు. తీగ తెగినా ఇదే మాట, సర్వరు ఆగిపోయినా ఇదే మాట, రహస్య సంభాషణ కుదరకపోయినా ఇదే మాట. తీగలన్నీ ఊడదీసి బిగించాము. పింగ్‌కు సర్వరు బదులు పలికింది. 389వ ద్వారం తెరుచుకొన్నది, 636 కూడా తెరుచుకొన్నది. కలుసుకోవడంలో లోటు లేదు, కలిసిన తరువాతనే ఏదో పొసగడం లేదని అర్థమయింది.

ఆ సమయానికి మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకరు, ఉద్యోగంలో ఉన్నవారు, ఏదో పనిమీద వచ్చారు. "దీనికింత గొడవెందుకు తమ్ముడూ! ఒక్క పంక్తి మారిస్తే సరి" అని ఒక యంత్రం ముందు కూర్చొన్నారు. అమరికల దస్త్రంలో టి.ఎల్.ఎస్. రెక్‌సర్ట్ అనే మాట ఎదుట "డిమాండ్" అని ఉండగా దానిని "నెవర్" అని మార్చారు. మరుక్షణమే తలుపు తెరుచుకొన్నది. చుట్టూ నిలిచిన వారందరూ చప్పట్లు కొట్టారు. ప్రయోగశాల బాధ్యురాలైన మేడమ్ మాత్రం నవ్వలేదు. "తలుపు తెరుచుకొన్నది సరే బాబూ, తెరిచిందెవరో చూశారా?" అని అడిగారు. అన్న కొంచెం తగ్గి, "లోపలి నెట్‌వర్కే కదా మేడమ్" అన్నారు. "హాస్టల్ వైఫై కూడా లోపలిదే కదా నాయనా" అని ఆమె ఆ పంక్తిని మళ్ళీ మునుపటివలె మార్పించారు. తలుపు మళ్ళీ మూసుకొన్నది. ఆ రోజు ప్రయోగ తరగతులు జరుగలేదు. కొందరు మేడమ్ మీద విసుక్కొన్నారు కూడా.

విసుక్కొన్న మిత్రుల కోసం ఆ ఒక్క పంక్తి అర్థం చెప్పవలసి ఉన్నది. "నెవర్" అంటే ఎదుటి సర్వరు తాను ఫలానా అని చూపే పత్రాన్ని అడుగవద్దు, పరీక్షింపవద్దు అని. రహస్యలిపి మాత్రం యథాప్రకారం ఉంటుంది. ఉత్తరానికి లక్కముద్ర వేసి, చేయి చాచిన మొదటివాడికి ఇచ్చిన చందం. దారిలో మరొక యంత్రం సర్వరు వేషం వేసుకొని నిలబడితే 40 యంత్రాలూ దానికే పాస్‌వర్డులు అప్పగిస్తాయి. మనలో చాలమంది ఒకే పాస్‌వర్డును ఈమెయిలుకు, ఉపకారవేతనపు దరఖాస్తుకు, బ్యాంకు ఖాతాకు వాడుతున్న సంగతి దాచవలసినది కాదు. ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఉపకారవేతనం దారి తప్పడమంటే ఆ సంవత్సరం చదువు ఆగిపోవడమే. ఒకనాటి ప్రయోగ తరగతి దానితో తూగదు.

ఆ పత్రాన్నే ఇంగ్లీషులో సర్టిఫికెట్ అంటారు. మా ఉర్దూ విభాగపు మిత్రులు "సనద్" అంటారు. తెలుగులో ఈనాములకు, భూములకు ఇచ్చిన సనదు కూడా ఆ మాటే కనుక మేమూ ఆ పేరే ఖాయం చేసుకొన్నాము. సనదుకు విలువ దానిమీది సంతకం వలననే వస్తుంది. మన నగరంలోనే, 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం క్రింద అనుమతి పొంది బ్యాంకులకు ఇటువంటి సనదులు ఇస్తున్నది. సంతకం చేసేవారు పొరబడితే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. 2014 జులైలో జాతీయ సమాచార కేంద్రపు సనదు అధికారం క్రింద గూగుల్ పేర్లమీద అనధికారిక సనదులు వెలువడినట్లు గూగుల్ సంస్థ బయటపెట్టగా, ఆ అధికారాన్ని వెంటనే రద్దు చేయవలసి వచ్చింది. అంత పెద్దవారి సంతకాన్నే పరీక్షిస్తూ ఉండవలసిన లోకంలో అసలు చూడనే వద్దనడం ఏ పాటి వివేకం?

మరునాడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. వారి ఎస్-క్లయింట్ అనే సాధనంతో 636వ ద్వారం తట్టి, సర్వరు చూపుతున్న సనదును తెరమీద పరిచాము. 19వ సంఖ్య దోషం కనిపించింది. సనదుల వరుసలో చివరిది తన సంతకం తానే చేసుకొన్నదని, దానిని ఈ యంత్రం ఎరుగదని దాని భావం. విచారిస్తే, పాత సనదులకు గడువు తీరినందున సెలవులలో సాంకేతికుడొకరు క్రొత్త మూల సనదును తయారుచేసి సర్వరులో ఉంచారు. క్రింది యంత్రాలకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మూల సనదు తన సంతకం తానే చేసుకొనడం తప్పు కాదు, అన్ని మూల సనదులూ అంతే. అయితే దానిని నమ్మదగినదని తెలుసుకొనవలసినది అదే తీగ ద్వారా కాదు, వేరే దారిన. అందుచేత మేడమ్ పై అంతస్తుకు వెళ్ళి, సర్వరు దగ్గరనే దాని వేలిముద్రను కాగితంమీద వ్రాసి తెచ్చారు. వేలిముద్ర అంటే 64 అక్షరాలు, 32 జంటలు. పెన్ డ్రైవులో తెచ్చిన ప్రతినుండి ఉర్దూ విభాగపు మిత్రుడొకడు "ఏ సాత్, తీన్ ఎఫ్" అని చదువుతుంటే, మేము కాగితం చూసి తెలుగులో బదులు చెప్పాము. ఒకచోట కాగితంమీది గీత ఎనిమిదో, బి అక్షరమో తేలలేదు. తక్కినవన్నీ సరిపోయినవి కదా అని ఎవరో అన్నారు. మేడమ్ మళ్ళీ మెట్లెక్కారు. అది ఎనిమిదే.

ఆ మూల సనదును యంత్రాలలో ఉంచగానే 32 యంత్రాలు లేచినవి. మరి ఆరు మొరాయించాయి. ఇక్కడ చిక్కడపల్లి లైబ్రరీ గుర్తుకు రావలెను. ఆ ఆరింటిలో సర్వరు పేరుకు బదులు దాని అంకెల చిరునామా వ్రాసి ఉన్నది. సనదులో పూర్తి పేరు మాత్రమే ఉన్నది. చేరిన చోటు సరియైనదే ఐనా, పిలిచిన పేరు సనదులో లేదు కనుక యంత్రం నమ్మలేదు. సనదులో ప్రత్యామ్నాయ నామాల జాబితా ఒకటి ఉంటుంది, అందులో అంకెల చిరునామాను కూడ చేర్పించవచ్చును. మేము యంత్రాలలోనే పూర్తి పేరు వ్రాశాము. రేపు అంకెలు మారినా పేరు మారదు.

మిగిలిన రెండింటి కథ వేరు. సనదు "ఇంకా చెల్లుబాటులోనికి రాలేదు" అని వాటి ఫిర్యాదు. చూడగా వాటి గడియారాలు 2012లో ఉన్నవి. లోపలి నాణెమంత బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయినప్పుడల్లా అవి వెనుకటి కాలానికి జారుతున్నవి. నారాయణగూడలోని ఒక గడియారాల దుకాణంలో రెండు బ్యాటరీలు కొని వేశాము. పని తీరింది.

సాధన చేయదలచిన మిత్రులకు ఒక్క మాట. 389వ ద్వారం గుండానే సంభాషణ మొదలుపెట్టి, నడుమ రహస్యలిపికి మారే స్టార్ట్ టి.ఎల్.ఎస్. అనే పద్ధతి ఒకటి 2000లో ప్రమాణంగా వచ్చింది. దానిని ఎల్‌డాప్‌సర్చ్ సాధనంతో పరీక్షించేటప్పుడు ఒక జెడ్ వ్రాస్తే, రహస్యలిపి కుదరకపోయినా అది సాదాగా ముందుకు పోతుంది. రెండు జెడ్‌లు వ్రాస్తేనే అక్కడ ఆగుతుంది.

క్రొత్త సనదుకు ఉన్న ఆయువు 365 దినాలు. తీరే తేదీని ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ప్రయోగశాల తలుపుకు అంటించాము. ఆ తేదీ మే నెలలో, సెలవులలో పడుతున్నది. అప్పటికి మాలో సగంమంది కళాశాల విడిచి ఉంటారు. ఆ వారం సర్వరు గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, క్రొత్త వేలిముద్రను ఎవరు సరిచూడాలో కమిటీ వారు ఇప్పుడే నిర్ణయించవలసినదిగా మనవి.