సంతలో అమ్మ చెప్పిన మాట

"మనకి ఇంగ్లీషు సరిగా రాదు, సిటీలో తెలిసినవాళ్లు లేరు. సేల్స్ ఉద్యోగం ఎలా చేస్తాం అక్కా?" అని మొన్న ఒక చెల్లెలు అడిగింది. అందుకే రాస్తున్నా.

మాది పాడేరు ఏజెన్సీ. హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా కంపెనీలకి సర్వర్లు, సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నా. మొదట్లో నా ఇంగ్లీషుకి నవ్వినవాళ్లూ ఉన్నారు.

ఒకసారి మార్చి నెలాఖరు. టార్గెట్‌కి ఒక్క ఆర్డర్ తక్కువ. ఒక ఆసుపత్రి ఐటీ మేనేజర్ గారు కొత్త సర్వర్లు కావాలన్నారు. వెళ్లి చూస్తే, పాతవాటికి మెమరీ పెంచితే చాలు. అమ్మ గుర్తొచ్చింది. సంతలో పసుపు అమ్మేటప్పుడు "ఇది సరిగా ఎండలేదు బాబూ, వచ్చే వారం పట్టుకెళ్లు" అని తనే చెప్పేసేది. నేనూ ఉన్నమాట చెప్పేశాను. ఇన్సెంటివ్ పోయింది. బాస్ అందరి ముందూ తిట్టాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చాను.

మూడేళ్లకి ఆయన ఇంకో పెద్ద సంస్థకి మారారు. మొదటి ఫోన్ నాకే చేశారు. తర్వాత నేను రెండు కంపెనీలు మారినా ఆయన, ఆయన పంపినవాళ్లు నా దగ్గరే కొంటున్నారు.

నేను చేసేది ఇంతే. సరుకు ఆలస్యమైతే వాళ్లు అడక్కముందే చెప్తా. మెషిన్ ఆగిపోతే సర్వీస్ ఇంజనీర్‌ని వెంటబెట్టుకుని వెళ్తా. తెలియనిది కనుక్కుని చెప్తా.

ఇంగ్లీషు పని చేస్తుంటే వచ్చేస్తుంది. నమ్మకానికి మాత్రం ఏళ్లు పడుతుంది, తొందరపడొద్దు. ఇంటర్వ్యూలకి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఇక్కడే అడగండి, చెప్తాను.