నీళ్ళ మీద పండుకోవడం

మా ఊరు గద్వాలకు దగ్గర. ఊరి బయట మోటబావి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నాయన మా తమ్ముడి నడుముకు తాడు కట్టి, వీపుకు ఎండిన సొరకాయ బుర్ర బిగించి బావిలోకి దింపేవాడు. వాడు నీళ్ళు మింగి, ఏడ్చి, వారం తిరిగేసరికి గట్టు మీంచి దూకడం నేర్చుకున్నాడు. నేను మెట్ల మీద వాడి బట్టలు పట్టుకుని కూర్చునేదాన్ని. నేనూ దిగుతానంటే అమ్మ ఒకటే మాట: “ఆడపిల్లకు బావితో ఏం పని?”

నిజానికి బావితో ఆడవాళ్ళకే ఎక్కువ పని. నీళ్ళు తోడాలి, గుడ్డలు ఉతకాలి. ఇంకా చెప్పుకోని సంగతి ఒకటుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నత్త ఆ బావిలోనే పోయింది. కాలు జారిందన్నారు. ఆ మాటను ఇంట్లో ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. మగపిల్లలు ఈత నేర్చుకునే చోటే ఆడవాళ్ళ కథలు ముగిసేవి. నీళ్ళంటే నా భయం అక్కడ మొదలయింది.

2004లో, మళ్ళీ 2016లో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి పోయాను. రెండుసార్లూ గొలుసు వదలకుండా మూడు మునకలేసి గట్టెక్కాను. పక్కనే జూరాల, అటు తుంగభద్ర, ఇటు కృష్ణ. రెండు నదుల మధ్య పుట్టి, మోకాలి లోతు దాటి ఎరగను.

1959లో ఆరతి సాహా ఇంగ్లిష్ చానల్ ఈదారు. ఆసియా ఆడవాళ్ళలో ఆమే మొదలు. 2021లో పాక్ జలసంధి ఈదిన గోలి శ్యామల నలభై దాటాకే ఈత మొదలుపెట్టారు. ఇవన్నీ వనపర్తిలో మా పిల్లలకు ఉత్సాహంగా చెప్పేదాన్ని. నా సంగతి మాత్రం ఎవరూ అడగలేదు!

పోయిన నవంబర్‌లో ఎనిమిదిమంది స్నేహితురాళ్ళం రెండు రోజులు రాసుకుందామని కొల్లాపూర్ మీదుగా సోమశిల వెళ్ళాం. శ్రీశైలం వెనక నీళ్ళు నిండుగా ఉన్నాయి. మొగుడితో సమానంగా పుట్టి నడిపి, వలలేసే ఒకామె మాకు పరిచయమయింది. యాభై రెండేళ్ళ నా భయం విని నవ్వలేదు. “చున్నీ తీసి గట్టు మీద పెట్టు మేడం, కాళ్ళకు చుట్టుకుంటది” అంది. రెండు ఖాళీ డబ్బాలు తాడుతో నాకు కట్టింది. సొరకాయ బుర్ర పోయి డబ్బా వచ్చిందన్నమాట.

మొదటి రోజు నడుము లోతులోనే ఊపిరాడలేదు. వెల్లకిలా పడుకోగానే తల లేచిపోయేది, తల లేవగానే నడుము, కాళ్ళు కిందికి దిగిపోయేవి. నీళ్ళు మింగి, దగ్గి, బురదలో కాళ్ళు ఆనించి నిలబడేదాన్ని. “ఎటు చూస్తవ్? చెవులు నీళ్ళల్ల పెట్టు. రొమ్ము నిండ గాలి పీల్చు. నీళ్ళు మోస్తయి” అంటుందామె. తల దించుకొమ్మని పెంచారు, తలెత్తుకొమ్మని మనమే చెప్పుకున్నాం. ఇక్కడ ఆ రెండూ పనికిరాలేదు. తలను నీళ్ళకు వదిలెయ్యాలి. అదే నాకు చేతకాలేదు.

“నీకెవరు నేర్పారు?” అని అడిగాను.

“ఎవరు నేర్పుతరక్కా? పుట్టి మునిగితే నేర్చుకున్న.” మేడం పోయి అక్కనయ్యాను.

“మరి నీ బిడ్డకు?”

“పెద్దమనిషయింది. నలుగురు చూస్తరని వాళ్ళ నాయన వద్దన్నడు.”

రెండో రోజు పొద్దున, ఆమె నా నడుము కింద చేయి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. చెవుల్లో నీళ్ళు నిండి లోకం చప్పుడు ఆగిపోయింది. పైన ఆకాశం, కింద నీళ్ళు. 1980లలో ఈ జలాశయంలో ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. సోమశిల గుళ్ళను పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. బావులను ఎవరు తెస్తారు? అవన్నీ అడుగునే ఉన్నాయి. చిన్నత్త గుర్తొచ్చింది. ఈత వస్తే బతికేదని నేననలేను. ఆమెను బావిదాకా నడిపించినవి ఇంట్లో ఉన్నాయి, నీళ్ళల్లో కాదు. కానీ తన బరువు తనకు తెలియని ఇట్లాంటి పది నిమిషాలు ఆమెకు జీవితంలో ఒక్కసారైనా దొరికాయా?

లేచి నిలబడి గట్టు వైపు చూశాను. ఆమె బిడ్డ నా చున్నీ, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ళుంటాయి. నన్ను కాదు, నీళ్ళను చూస్తోంది.

తాడు విప్పి డబ్బాలు ఆ పిల్ల పక్కన పెట్టాను. వాళ్ళమ్మ నా వైపు చూడలేదు. వద్దని మాత్రం అనలేదు.