శాలిహుండం పెంకులు, బడిపిల్లల పిడతలు

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున, నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడానికి కొంత ఎగువన ఉన్న శాలిహుండం కొండ బౌద్ధక్షేత్రంగా ప్రసిద్ధమైనా, ప్రాథమిక పాఠశాలలో మట్టిపని నేర్పదలచిన ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి చూడవలసిన మొదటి పాఠం కూడా అదే. మెట్లెక్కి పైకి చేరినవారికి కనిపించే స్తూపాలు, ఒక కొస ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగే చైత్యగృహాలు చాలావరకు ఇటుక కట్టడాలు, అంటే కాల్చిన మట్టితో కట్టినవి. విజయనగరం జిల్లా రామతీర్థంలోని గురుభక్తుల కొండ మీద మిగిలినవీ ఇటుక శిథిలాలే.

గిడుగు వేంకట రామమూర్తి 1919లో వెలుగులోకి తెచ్చిన శాలిహుండంలో తర్వాత జరిగిన తవ్వకాలలో శిల్పాలతో పాటు కుండపెంకులూ దొరికాయి. వాటిలో కొన్నింటిపై తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మీ అక్షరాలున్నాయి. వాడుకభాష కోసం జీవితమంతా పాటుపడిన పండితుడు గుర్తించిన కొండలో, నిత్యం వాడిన పాత్రల మీదనే అక్షరాలు దొరకడం ఎంతో ముచ్చటైన విషయం. పచ్చి పిడత మీద పుల్లతో తన పేరు గీసుకునే మూడో తరగతి పిల్లకు ఆ పెంకుల కథ చెప్పి తీరాలి.

తీరాంధ్ర ప్రాచీన స్థలాలలో దొరికే నలుపు-ఎరుపు పాత్రలు అంతకంటే గొప్ప పాఠం. పాత్రను బోర్లించి కాల్చినప్పుడు గాలి ఆడని లోపలి భాగమూ అంచూ పొగలోని బొగ్గును పీల్చి నల్లబడతాయి. గాలి తగిలిన వెలుపలి భాగంలో మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. రంగు పూయకుండానే ఒకే మట్టికి రెండు రంగులు వస్తాయి.

బడిలో పనికి చెరువు అడుగు బంకమట్టి చాలు. రాళ్లు ఏరి, నానబెట్టి, కొద్దిగా సన్న ఇసుక కలిపి, లోపల గాలి మిగలకుండా బాగా పిసకాలి. చిన్న చేతులకు సారె, అంటే కుమ్మరి చక్రం, కష్టం కనుక ముద్దలో బొటనవేలు దించి గోడలు నొక్కుతూ పిడత చేయడం, తాళ్లలా పేనిన మట్టిని చుట్లుగా పేర్చడం తగిన పద్ధతులు. మందంగా చేసినది, తడి ఆరకుండా కాల్చినది మంటలో పేలిపోతుంది; అందువల్ల నీడలో రోజుల తరబడి ఆరబెట్టాలి.

చాలా బడులలో పని ఆరబెట్టడంతోనే ఆగిపోవడం పెద్ద లోటు. ఎండిన బొమ్మ నీటిలో వేస్తే మళ్లీ మట్టే అవుతుంది. సుమారు 500–600 డిగ్రీల వేడి దాటాక మట్టి కణాలలో బంధమై ఉన్న నీరు కూడా వెళ్లిపోయి, అది ఇక కరగని వస్తువవుతుంది. ఈ మార్పును కళ్లారా చూడని పిల్లలకు సిరామిక్ అన్న మాట అర్థం కాదు. కరెంటు కొలిమి కొననక్కరలేదు. దీపావళికి ముందు ప్రమిదలు కాల్చే ఊరి కుమ్మరి ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, ఆయన ఒప్పుకుంటే పిల్లల పిడతలకూ చోటు దొరుకుతుంది, ఆయనకు తగిన కూలీ బడి చెల్లించాలి. 2020 జాతీయ విద్యావిధానం 6–8 తరగతులకు సూచించిన పది బ్యాగులేని రోజులలో కుమ్మరుల దగ్గర నేర్చుకోవడం ఉంది. చేతులు మెత్తగా ఉన్న వయసులోనే, మూడో తరగతి నుంచే, అది మొదలుకావడం మేలు. ఆవంలో పగిలిన పిడతలనూ పారేయనక్కరలేదు. వాటిని దంచి, జల్లించి, వచ్చే ఏటి మట్టిలో కలిపితే పగుళ్లు తగ్గుతాయి.